మావయ్య సాక్ష్యం, నా ఆమెన్

కవిటి, ఆదివారం రాత్రి

విషయం: నా మౌనం.

కిడ్నీ జబ్బుకు పనికొస్తుందేమోనని మేం పరీక్షిస్తున్న ఆకు సారం తాగించిన ఎలుకల గుండె కణజాలాన్ని నిన్న టెక్కలి ల్యాబులో చూశాను. కండర పోగులు ఉబ్బి, అక్కడక్కడా తెగి ఉన్నాయి. వాటి కిడ్నీలు బాగుపడ్డాయని కిడ్నీ జబ్బున్న మావయ్యకు నేను ఎప్పుడో చెప్పేశాను. గుండెను ఇంకా చూడలేదన్న సంగతి చెప్పడం అప్పట్లో అవసరమనిపించలేదు.

ఈ ఉదయం చర్చిలో మావయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. "మా కోడలి ఎలకలు బాగుపడ్డాయి. ఆ ఆకు కసాయంతో నానూ బాగుపడతన్నాను. దేవుడికి స్తోత్రం!"

సంఘమంతా ఆమెన్ అంది. సభ్యురాలి హోదాలో నేనూ అన్నాను. ఆరాధన ముగిశాక కొందరు మావయ్యను అడిగి ఆకు పట్టుకెళ్లారు.

భోజనాల దగ్గర ఆయన నాకూ ఒక గ్లాసు కషాయం పోశాడు. నేను ముట్టుకోలేదు.

"ఏటే, నువ్వు తాగవేటి?"

అప్పుడు ఎలుకల గుండెల సంగతి చెప్పాను.

"ఎలకలు పార్దన సెయ్యవు గదే," అని నవ్వాడు. నవ్వుతూనే రెండు గ్లాసులూ కొబ్బరిచెట్టు మొదట్లో పారబోశాడు.

సాయంత్రం దాకా ఇద్దరం ఇళ్లన్నీ తిరిగి ఆకు వెనక్కి తెచ్చాం. ఒకామె మాత్రం బారువలో జబ్బుగా ఉన్న ఎవరికో ఇస్తానని ఫోను ఇంట్లోనే వదిలేసి అప్పటికే ఆటో ఎక్కేసింది. ఆ ఎవరో ఎవరన్నది ఇక్కడ ఎవరికీ తెలియదు.