పెట్టెలు విప్పని సారు

హనుమక్కకు, నా మోకాలి నొప్పి తగ్గింది, దిగులుపడకు.

నేను కారు నడిపే అమెరికా సారు, కోడిగుడ్డులాంటి బంతితో ఆడే ఆటలో చిన్న కోచ్. ఎదుటివాళ్ళను అడ్డుకునేవాళ్ళకు కాళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పడమే ఆయన పని. ఈ ఎడారి ఊళ్ళో అల్ సద్ పేటలోని ఇంటికి వచ్చి నాలుగు నెలలైనా సామాను పెట్టెలు విప్పలేదు. ఎందుకని అడిగాను.

"పెద్ద కోచ్‌ను తీసేస్తే అదే రోజు మమ్మల్నీ పంపేస్తారు ఓబులేసూ. ముప్పై ఏళ్ళలో పదకొండు ఊళ్ళు మారాను" అని నవ్వాడు.

ఇప్పటికి సారు జట్టువాళ్ళు వరుసగా మూడు ఆటలు ఓడారు. సారు పోతే నా డ్యూటీ కూడా పోతుంది. అందుకని ఇంటి పాత రేకులు అప్పుడే తీయించవద్దు. శుక్రవారం ఆట గెలిస్తే ఫోన్ చేస్తాను.

ఎర్రావు ఈనిందా? పిల్లలకు నా దీవెనలు. నువ్వు దేవుడికి మొక్కుకో. ఎవరి తరఫున అని అడిగితే నీలం చొక్కాలవాళ్ళని చెప్పు.

ఓబులేసు