ల్యాబ్రడార్ అన్నారు కదా...

ఏమండీ,

మీరు వెళ్ళి ఏడు నెలలైంది. నేను బాగానే ఉన్నాను. కల్నల్ కూడా బాగానే తింటున్నాడు. ముందు వాడి సంగతే మీతో తేల్చుకోవాలి.

నిజం చెప్పండి. వాడు ల్యాబ్రడారేనా?

నాలుగేళ్ళ కిందట తువ్వాలులో చుట్టి తెచ్చారు. యాప్రాల్‌లో ఎవరో మిలిటరీ ఆఫీసరు ఇంట్లో పుట్టాడని, అసలు సిసలు ల్యాబ్రడార్ అని, అందుకే పేరు కూడా కల్నల్ అని... ఎంత చక్కగా అల్లారండీ! వీధికుక్క గడప తొక్కితే నేను పుట్టింటికి పోతానని అంతకుముందే అని ఉన్నాను కదా. మీ మాట నమ్మాను. నమ్మి ఊరుకున్నానా, పద్మారావు నగర్ అంతా చెప్పుకు తిరిగాను.

చెవులు నిక్కబొడుచుకున్నప్పుడు అడిగాను. "పెద్దగైతే పడ్తయ్ లే" అన్నారు. తోక చుట్టుకుపోయినప్పుడు అడిగాను. "చలికాలం గదా" అన్నారు, నవ్వకుండా! కాప్రా చెరువు దగ్గరికి తీసుకెళ్తే నీళ్ళు చూసి కారు కిందికి దూరాడు. ల్యాబ్రడార్లకు నీళ్ళంటే ప్రాణమట కదా అంటే, "గీ నీళ్ళు వానికి నచ్చలే" అన్నారు. ఎన్నడైనా మీ దగ్గర జవాబు లేకుండా పోయిందా?

మొన్న ఇంజెక్షన్‌కి తీసుకెళ్తే, కొత్త కార్డులో బ్రీడ్ రాయాలంది డాక్టరమ్మ. ల్యాబ్రడార్ అన్నాను. ఆవిడ పెన్ను ఆపి వాడి చెవులు చూసింది, పాదాలు చూసింది, ఆఖరికి నన్ను చూసింది. ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఏదో ఒకటి అనేసినా బాగుండేది.

అప్పటినుంచీ నాకు అదే పని. ఫోనులో ల్యాబ్రడార్ ఫోటో పెట్టుకుని వాడి పక్కన కూర్చుంటున్నాను. మూతి సన్నం. నడుమూ సన్నమే. నాలుక మీద నల్లమచ్చ. రంగొక్కటే కలుస్తోంది... ఆ బిస్కెట్ రంగు మన వీధిలో సగం కుక్కలకుంది.

అనుమానం వాడితో ఆగిపోతే ఇంత బాధ లేదు. ఇంత నున్నగా ఇది చెప్పిన మనిషి నాకు ఇంకేం చెప్పాడో అని మొదలైంది. చివరి రెండు నెలలూ ఛాతీ మీద చెయ్యి వేసుకుని "గ్యాసే లే" అనేవారు. అది కూడా ఈ ల్యాబ్రడార్ లాంటి మాటేనా?

పొద్దున్నే వాడిని తీసుకుని పార్కు చుట్టూ నడిచి వస్తున్నానని చెప్పేవారు కదా. ఈమధ్య నేను తిప్పుతున్నాను. వాడు పార్కు వైపే రాడు. రోజూ వెనక సందులోకి గుంజుతాడు. నిన్న, సరే ఎటు పోతావో పద అని వాడి వెంట వెళ్ళాను.

ఇడ్లీబండి దగ్గర ఆగాడు. బండి కింద ఒక ముసలి కుక్క... నిక్కిన చెవులు, చుట్టుకున్న తోక, నాలుక మీద అదే మచ్చ. రెండూ మూతులు ఆనించుకున్నాయి. ఇంక నేను అడగడానికి ఏం మిగిలింది?

బండామెకు నేను తెలియదు గానీ వాడు తెలుసు. మీ భార్యనని చెబితే స్టూలు తెచ్చి వేసింది. "దీని పిల్ల వానల తడుస్తుంటే సారే తీస్కపోయిండమ్మా" అంది. ఆఖర్లో మీరు అక్కడిదాకా వచ్చేసరికే చెమటలు పట్టేవట. ఛాతీ పట్టుకుని అరగంట ఆ స్టూలు మీదే కూర్చునేవారట. దవాఖానకు పోరాదా సారూ అని ఆమె పోరితే, మీరన్న మాట కూడా చెప్పింది.

"మా ఇంటామెకు మోకాలు ఆపరేషనుంది. ముందు గా పని కానీ. ఇప్పుడు చెప్తే ఆమె అది బంద్ పెడ్తది."

పెట్టేదాన్నే! పెట్టనా మరి? నా మోకాలు ఇంకో ఏడాది ఆగేది. మీ గుండె అంతవరకూ ఆగిందా? ఆపరేషనైన పదో రోజు పొద్దున మీరు వంటింటి దగ్గర పడిపోయారు. వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నుంచి మీ దాకా రావడానికి నాకు ఎంతసేపు పట్టిందో మీకు తెలియదు...

కోపంగా ఉంది. కుక్క గురించి కాదు, వాడు ఏ జాతైతే నాకేం, నా మంచం పక్కనే పడుకుంటాడు. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశాక కూడా, నిజం చెప్తే ఏమంటానో అని మీరు జంకే మనిషినా నేను? ఇదే తిరగేసి తిరగేసి ఆలోచిస్తున్నాను. జవాబు నాకు నచ్చడం లేదు.

నిన్న సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. ఏమైందే అంటే "జలుబమ్మా, ఏం లేదు" అంది. అచ్చం మీ ధోరణే. ఇదివరకైతే కషాయం కాచుకోమని ఫోన్ పెట్టేసేదాన్ని. నిన్న మాత్రం "నిజం చెప్పు, నేనేమీ అనను" అన్నాను.

 అప్పుడు చెప్పింది. అల్లుడి ఉద్యోగం పోయి నెలైందట. ఆదివారం ఇద్దరినీ భోజనానికి రమ్మన్నాను.

ఇకమీద ఎవరితోనైనా ముందు "నేనేమీ అనను" అన్న ఆ మాటే అంటాను. మీతో ఒక్కసారి కూడా అనలేదు. నన్ను క్షమించండి.

మీ
సుజాత