జవాబు మాత్రమే ఇచ్చి వెళ్లిన మీకు

ఏమండీ,

మీరు పోయి తొమ్మిది నెలలైంది. ఇంట్లో అందరం క్షేమం. నేను మాత్రం మీ మీద కోపంగా ఉన్నాను. కుశలం చెప్పడం అయింది కాబట్టి విషయానికి వస్తాను.

మన మనవరాలు హేమ పట్టుబట్టి పదకొండో తరగతిలో కంప్యూటర్ గ్రూపులోనే చేరింది. ఆ పాఠాల్లో సూడోకోడ్ అని ఒకటుంది. కంప్యూటర్‌తో చేయించాల్సిన పనిని ముందుగా మామూలు మాటల్లో, ఒక్కో మెట్టుగా కాగితం మీద రాయాలి. పరీక్షలో మార్కులు ఆ మెట్లకే. జవాబుకు కాదు.

కొన్ని సంఖ్యలిచ్చి, వాటిలో పెద్దదాన్ని కనుక్కునే పద్ధతి రాయమన్నారు. మీ మనవరాలు ఏం రాసిందో తెలుసా? 'అన్నీ చూడు. పెద్దది రాయి.' అంతే. టీచరమ్మ దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, సున్నా వేసి, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురమ్మంది. మన అబ్బాయి శేఖర్‌కు అంబత్తూరు ఫ్యాక్టరీలో షిఫ్టు. కోడలికి సెలవు దొరకలేదు. నేనే వెళ్లాను. ముప్పై ఏళ్లు ఆడిట్ సెక్షన్‌లో కూర్చుని ఊరందరి తప్పులూ పట్టినదాన్ని, నా కూతురి వయసు పిల్ల ముందు తలవంచుకుని నిలబడ్డాను. వచ్చే పరీక్షలోనూ ఇలాగే రాస్తే హేమను ఆ గ్రూపు నుంచి తీసి హిస్టరీ గ్రూపులో వేస్తారట.

ఎవరివల్ల? మీవల్ల.

"జవాబు కండ్ల ముందర కనపడతా ఉంటే దోవతో ఏం పనే?" ఈ మాట ఎన్నివందలసార్లు అన్నారు... మీ దగ్గరికి లెక్కల ట్యూషన్‌కు వచ్చిన పరాయి పిల్లలందరికీ మెట్లు రాయడం నేర్పారు. సొంత మనవరాలికి మాత్రం గారాబం. చూడు, చెప్పు, మిఠాయి తీసుకో. దానికి కూడా రాయడం నేర్పండని నేనంటే, "నువ్వు పోయి నీ టిక్కులు పెట్టుకోవే" అనేవారు. పిల్ల పకపకా నవ్వేది. మీరిద్దరూ ఒక జట్టు. నేను ఎదుటి జట్టు.

ఇప్పుడు మెట్లు రాయవే అంటే రాయనంది. తిట్టాను. టీవీ కట్టేశాను. లొంగలేదు. కోపం వస్తే అది తమిళంలోకి మారిపోతుందని మీకు తెలుసు కదా. ఆ రోజు మాత్రం తెలుగులోనే, మెల్లగా అడిగింది.

"అట్ట రాస్తే, తాత చెప్పిందంతా తప్పని అర్థం కదా అవ్వా?"

ఏం చెప్పమంటారు? చచ్చిపోయిన మనిషి మాట నిలబెట్టడానికి బతికున్న పిల్ల పరీక్ష పోగొట్టుకోవాలా? ఇదేనా మీరు దానికి ఇచ్చిపోయిన ఆస్తి?

సరే, నేనే నేర్చుకుందామని దాని పుస్తకం తీసుకున్నాను. మొదట ఒక్క ముక్క ఎక్కలేదు. మైలాపూరులో టెంకాయల బండి దగ్గర నిలబడి ఉండగా తెలిసింది. నేను కాయ ఎలా ఎంచుతానో మీరు చూశారు. ఒకటి ఎడమ చేతిలో పట్టుకుంటాను. కుడిచేత్తో ఇంకొకటి తీసి బరువు చూస్తాను. బరువైనది ఎడమ చేతికి, రెండోది పక్కకు. కుప్ప అయిపోయేదాకా అంతే. మీరేమో దూరం నుంచే వేలితో ఒక కాయ చూపించి, "ఆడనే కాపురం పెట్టేస్తావా ఏమి?" అనేవారు. బండివాడి ముందు నన్ను అలా అనడం నాకెప్పుడూ నచ్చలేదు.

వినండి. కంప్యూటర్‌కు కుప్పనంతా ఒక్కసారిగా చూసే కళ్లు లేవట. ఒకసారికి ఒక్క కాయ. అది నాలాగే పని చేస్తుంది, మీలా కాదు.

ఇంటికి వచ్చి రాశాను. మొదలుపెట్టేటప్పుడు నా చెయ్యి ఖాళీ కదా, అందుకని మొదటి మెట్టులో 'చేతిలో ఉన్నది సున్నా' అన్నాను. తర్వాత ఒక్కో సంఖ్యనూ దానితో పోల్చి, పెద్దదైతే చేతిలోకి తీసుకోమన్నాను. ఒక్క అక్షరం తప్పు కూడా లేదు. హేమ చేతికిచ్చాను. ఒక్క చూపు చూసింది... మీ చూపే... నవ్వింది.

"మంచు కురిసే ఊర్ల చలి డిగ్రీల లెక్కలిస్తే? అన్నీ సున్నా కన్నా తక్కువే కదా అవ్వా. అప్పుడు నీ ఖాళీ చెయ్యే గెలస్తాది."

నిజమే. టెంకాయల్లో సున్నా కన్నా తేలికైన కాయ ఎక్కడుంటుంది? నాకు తట్టలేదు. ముందు మొదటి కాయనే చేతిలో పెట్టుకుని, రెండోదాని నుంచి పోల్చాలట. పైకి మాత్రం నేను ఒప్పుకోలేదు, నిరూపించు అన్నాను. నా తప్పు నిరూపించాలన్న పంతంలో ఒక్కో మెట్టూ రాసుకుంటూ పేజీ నింపేసింది. తాను రాస్తున్నానని దానికి తెలియలేదు. నేనూ చెప్పలేదు.

తప్పు పట్టింది తాత చూపే, నిరూపించింది మెట్లు; ఒకటుంటే రెండోది తప్పు కానక్కర్లేదని దానికే తెలిసినట్టుంది, మొన్నటి పరీక్షలో అన్ని మెట్లూ రాసింది. గ్రూపు మార్చడం లేదు. మీ చూపు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ చూసినవాళ్లు చెప్పాలి కదండీ...

అసలు కోపం అదీ. మందుల షాపు అబ్బాయి ఈమధ్యే నోరు జారాడు. చివరి మూడు నెలలూ ఛాతీ మంటకని మీరు వాడి దగ్గర గ్యాస్ మాత్రలు కొనుక్కున్నారట. ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మాకు మాత్రం ఒకనాటి పొద్దున, గుండె ఆగిపోయిందన్న జవాబు ఒక్కటే చేతిలో పెట్టారు. మొదటి నొప్పి ఎప్పుడొచ్చింది? మెట్లెక్కుతుంటే వచ్చిందా, పడుకుంటే వచ్చిందా? నా పక్కనే కూర్చుని ఎలా ఊరుకున్నారు? ఒక్క మెట్టు చెప్పి ఉంటే మిగతావి నేను లాగి ఉండేదాన్ని కానా?

పోయిన వారం స్నానం చేసి వస్తుంటే నాకు కళ్లు తిరిగి తలుపు పట్టుకున్నాను. హేమ చూసింది. ఏం లేదులే అన్నాను. అది వదల్లేదు. నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏం లేదు అనేది జవాబు. నాకు జవాబొద్దు. ఫస్టు ఎప్పుడొచ్చింది? దాని తర్వాత? వరసగా చెప్పు."

చెప్పానండీ. అంతా చెప్పాను.

శనివారం అది నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన ముందు ఏదీ దాచను, ఇది మీకు నా మాట. కోపం మాత్రం అలాగే ఉంది.

రాజ్యలక్ష్మి