రెండు బిందెల పేడనీళ్లు

మే 14
నేను చెబుతున్నాను, కోడలు ఈశ్వరి రాస్తోంది. నాకు అక్షరం రాదు. నేను ‘ఉండాది’ అంటే తను ‘ఉంది’ అని పెడుతోంది. పెట్టుకోనీ. మాట మారకూడదు, అంతే.

పొద్దున రైలుకు నస్రీన్ వచ్చింది, మా రాళ్ల చేలో యంత్రం పెట్టుకున్న సదువుల పిల్ల. కుప్పం స్టేషన్‌లో ఆటో ఎక్కి, మలుపు దగ్గరే దిగి, చేలోకి నడిచింది. ఆటో దగ్గరికొస్తే ఆ యంత్రం దాని సద్దు కూడా పట్టేస్తుందట. రెండు రేకులు, నాలుగు కాళ్లు, కింద నేలంతా కమ్మీ వల. యాంటెన్నా అంటుంది. నాకు మంచంలా కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోతోంది. “అవ్వా, పల్లం కనబడతాండాది. సూడు.”

ఒక గీత. నడుమ కొంచెం కిందికి వంగింది. లోకం పుట్టిన కొత్తలో చానా కాలం చీకటేనట. ఆ చీకట్లో మొదటి చుక్కలు వెలిగిన గుర్తు ఇన్నాళ్లకు రేడియో అలల్లో ఇక్కడికి చేరితే గీత అలా వంగుతుందట. రెండేళ్లుగా దానికోసమే ఈ పిల్ల కాచుకుని ఉంది.

“ఏ దినం నుంచి?”
“పోయిన నెల ఆఖరు శుక్రారం నుంచి. అంతకుముందు లేదు.”

బెంగళూరులో తన పని చూసే సారుకు కూడా చెప్పేసిందట. ఆ శుక్రవారమే కదా నేను...

మే 15
చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ శుక్రవారం నుంచి రోజూ తెల్లవారగానే రెండు బిందెల పేడనీళ్లు ఆ వల మీదా, చుట్టూ చల్లింది నేనే. వాకిలికి కళ్లాపి చల్లినట్టే. మా పుంగనూరు ఆవు పేడ, చిక్కగా కలిపి. మొదటి చుక్కల కబురు దిగే చోటు దుమ్ముకొట్టుకుని ఉంటే ఎట్లా అనుకున్నాను. ముగ్గు వేయబోతే వల మీద పిండి నిలవలేదు.

నా వాదన కూడా రాయి. ఫోను తేవద్దంది — తేలేదు. మోటరు వేయొద్దంది — వేయలేదు. బైకు మీద వచ్చిన మరిది కొడుకును చెప్పు తీసుకుని తరిమాను. కళ్లాపి చల్లొద్దని ఎవరన్నారు? ఎవరూ అనలేదు.

అయినా... చలికాలంలో ఒక జల్లు పడినప్పుడు ఆ పిల్లే అంది. “తడి నేలతో గీత మారిపోతాది అవ్వా. ఈ దినాల లెక్క కొట్టేయాల.” విన్నాను. నా రెండు బిందెలు కూడా ఆ లెక్కలోకే వస్తాయని తోచలేదు.

మే 16
ఈరోజు చల్లలేదు. తెల్లారి చేతికి ఏం పని చెప్పాలో తెలియలేదు.

మే 17
రాళ్ల చేను అది. బండ కోసం వచ్చినవాళ్లు కూడా పగుళ్ల బండ, పనికిరాదని పోయారు. రెండేళ్ల కింద నస్రీన్ వచ్చి మూడు పక్కలా గుట్టలు చూసి, “ఎఫ్‌ఎం కూడా ఈడికి రాదు. ఇట్లాంటి సోటు యాడా దొరకలేదవ్వా” అంది. మా ఆయన పోయాక ఆ చేనును మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ పొద్దు దండం పెట్టాలనిపించింది.

డాక్టరేటు వచ్చినా నిలకడ కొలువు లేదు పిల్లకు. పోస్ట్‌డాక్ అంటారట. ఆగస్టుతో గడువు అయిపోతుంది. గీత నిజమైతే ఇంకోచోట పిలుస్తారు. తప్పని ఎవరో పట్టుకుంటే ఆమె మాట ఇక ఎవరూ నమ్మరు.

ఈశ్వరి “ఫోన్లో చెప్పు అత్తా” అంటోంది. ఫోన్లో చెప్పే మాటా ఇది?

మే 18
మదనపల్లె పోయాను. పుంగనూరులో బస్సు మారాను. నా పుట్టినూరు. ఎవరైనా పలకరిస్తారేమోనని కొంగు కప్పుకుని కూర్చున్నాను.

నస్రీన్ నాయనకు టైలరింగ్ అంగడి, మేడ మీద ఇల్లు. సెలవుకు అక్కడే ఉంది. వాళ్లమ్మ టీ ఇచ్చింది. ముట్టలేదు. నిలబడే చెప్పాను.

పిల్ల మొహం పాలిపోయింది. “ఎన్ని బిందెలు?”
“రెండు.”
“దినమ్మూ?”
“దినమ్మూ.”

కింద కుట్టుమిషను చప్పుడు.
“పేడనీళ్లా అవ్వా...” నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.
“తిట్టు” అన్నాను.
“యాల తిట్టేది? సారు నలుగురికి సూపించినాక తెలిసింటే నా గతేంది? నువ్వు రాకపోయింటే నాకెవరు సెప్తారు?”

వాళ్లమ్మ గ్లాసు తీసుకుంది. “సల్లారిపాయె. ఇంకోటి పెడతా. కూసోమ్మా, కాళ్లు పీకుతాయి.”

కూర్చున్నాను. తాగాను.

మే 19
నిన్న తిరిగొచ్చేటప్పుడు వాళ్ల నాయన నన్ను బస్సు ఎక్కించి, కిటికీ పక్క సీటు అడిగి మరీ ఇప్పించాడు. తప్పు చేసి పోయినదానికి. ఇది రాయి ఈశ్వరీ, మరిచిపోకూడదు.

మే 21
నస్రీన్ వచ్చింది. మలుపు దగ్గర నిలబడి సారుతో మాట్లాడుతుంటే ఫోను లాక్కున్నాను. “నాకు సదువు రాదు సామీ. శుక్రారం మాత్రం తెలుసు. ఆ బిడ్డ తప్పు ఒక్కటీ లేదు. రాసుకో.”
“రాసుకుంటున్నానమ్మా” అన్నాడు. మంచి మనిషే.

పిల్ల తన నోటుబుక్కులో నా పేరు ఎక్కించింది. ఈశ్వరి వేలు పెట్టి చూపించింది — మునెమ్మ, కళ్లాపి, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా. పని పుస్తకంలో నా పేరు.

ఇక పది దినాలు నేల ఎండాలి. అప్పటికీ పల్లం ఉంటే చుక్కలదేమో. పోతే నా బిందెలది.

మే 25
“ఎట్లుండాది?”
“కొంచెం తగ్గింది. అంతా పోలేదు. ఇప్పుడే సెప్పలేనవ్వా.”

మే 27
మధ్యాహ్నం నుంచి మబ్బు. ఊరంతా గడపల్లో నిలబడి పైకి చూస్తోంది. ఈశ్వరి పొద్దుననే ట్రాక్టరతనికి చెప్పి పెట్టింది. ఈ వాన పడితే దిగువ చేనుకు దుక్కి అవుతుంది, ఆవుకు నాలుగు పరకలు మొలుస్తాయి.

ఇంకా నాలుగు దినాలు ఎండాలి. తడిస్తే మళ్లీ ఒకటి నుంచి లెక్క. వానలు మొదలైతే ఆగస్టులోపల పది పొడి దినాలు ఎక్కడినుంచి వస్తాయి?

నస్రీన్ వల పక్కన కూర్చుని ఉంది. తల ఎత్తడం లేదు. “పడనీలేవ్వా. మీకు సేద్యం కదా” అంది. ఈశ్వరి గట్టు మీద నుంచి, “నాలుగు దినాలేగా, ఆగితే ఆగనీ. ట్రాక్టరు యాడికి పోతాది” అంది.

ఒకరి కోసం ఒకరు. నన్ను మాత్రం ఎటూ కాకుండా చేశారు. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి మబ్బును రమ్మనే పిలిచాను. ఇంకో మాట నాకు రాదు.

గాలి చల్లబడింది. గుడుపల్లె వైపు ఉరుముతోంది...