గంప దించని బొమ్మ

మక్తల్,
ఆదివారం పొద్దున.

అక్కా,

బొమ్మ ఎవరిది? దిగినోళ్లదా, దించినోళ్లదా?

చాలా ఏండ్ల కింద నువ్వు మిషన్ మీద జాకెట్లు కుడుతుంటే నేను పక్కన కూసుని నీ బొమ్మ గీసి చూపించిన. నువ్వు దారం కొరికి, కాగితం దిక్కు ఒకసారి చూసి, "ఇది నా బొమ్మనా, నీ బొమ్మనా?" అని అడిగి మళ్ల మిషన్ తొక్కుకుంట కూసున్నవు. నీకు గుర్తుండదు. నేను మాత్రం యూనివర్సిటీకి పోయినా, ఉద్యోగంల చేరినా ఆ మాటను వెంటేసుకునే తిరిగిన. ఈ మధ్య అది మళ్ల నా ముందటికొచ్చి నిలబడ్డది. అందుకే ఉత్తరం రాస్తున్న. ఫోన్ల అయితే "తిన్నవా, మంచిగున్నవా" అని రెండు ముక్కలు అడిగి పెట్టేస్తవు నువ్వు.

ముందుగాల మీ మంచీ చెడ్డా చెప్పు. బావకు మోకాలు నొప్పి తగ్గిందా? నిమ్మకాయల మార్కెట్ల పొద్దంత నిలబడుడు జర తగ్గించుమను. దవాఖానకు పోదామంటే రేపు, మాపు అంటడని నాకు తెలుసు, నువ్వే ముందల పడి తీస్కపో. చిన్ని పరీక్షలు ఎట్ల రాసింది? మీ అత్తమ్మ చెవి మిషన్ పెట్టుకుంటున్నదా, ఇంకా డబ్బాలనే దాచిపెట్టిందా?

నేను మంచిగున్న. బదిలీ అయి ఇంత దూరం పోతున్న అంటే నువ్వు బస్సు కాడ కండ్లు తుడుచుకున్నవు గని, ఫికర్ చెయ్యవలసింది ఏం లేదు. కాలేజీ నడిచిపోయేటంత దగ్గర. పిల్లలు చరిత్ర పాఠం నిద్రపోకుండనే వింటున్నరు. కొందరి ఇండ్లల్ల కన్నడం గూడ మాట్లాడుతరు, సగం మాట తెలుగుల మొదలైతే సగం అటు పోయి తేలుతది. మన పుంటికూరను ఇక్కడ పుండిపల్య అన్నరు, నేను అదేదో కొత్త కూరనుకొని అడిగి పెట్టించుకున్న. జొన్నరొట్టె చేసుడు నేను కిరాయికున్న ఇంటామె నేర్పింది. నాది ఇంకా మన జిల్లా పటం లెక్కనే వస్తున్నది, ఒక దిక్కు సాగి, ఒక దిక్కు చిరిగి. ఎండ అట్లనే ఉన్నది, పొద్దున మాత్రం చలి మొదలైంది. గాలి ఎక్కువ. మా ఆయన వీలైనప్పుడల్లా హైదరాబాద్ నుంచి వచ్చిపోతున్నడు. ఆయన బస్సెక్కినంక గది పెద్దగైనట్టు అనిపిస్తది, అబద్ధం చెప్పను. అయినా మంచిగనే ఉన్న. నిజంగనే ఉన్న.

ఉన్న అని ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, బొమ్మలు మంచిగ వస్తున్నయి అక్కా. మన నకిరేకల్ల ఉన్నన్ని రోజులు తడి కాగితం ముందు పెట్టుకొని, కుంచె పట్టుకొని, ఈడ పెట్టాల్నా ఆడ పెట్టాల్నా అని చూసుకుంట కూసునేదాన్ని. ఇక్కడి గాలికి ఆ బేరం నడవదు. రంగు పెట్టినంక చూస్తుండంగనే ఆరిపోతది. మొగమాటపడితే మచ్చ మిగులుతది. అందుకని చెయ్యి ధైర్యం నేర్చుకున్నది, నేను నేర్చుకోలేదు గని. ఇస్త్రీ బండి మొగులయ్యను వేసిన. బస్టాండ్ల సోడాలు కొట్టేటాయనను, గొర్లను తోలుకపోయే ఒక ముసలాయనను, మా కాలేజీ ఊడ్చేటామెను వేసిన. ప్రతి బొమ్మ కింద వాళ్ల పేరు, ఊరి పేరు రాసిన. చరిత్ర పుస్తకంల కోట కట్టించినోని పేరుంటది, రాళ్లు మోసినోళ్ల పేరు ఉండదు అని రోజూ పాఠం చెప్పేదాన్ని, నా కాగితం మీద గూడ అట్లనే చేస్తే ఎట్ల?

ఇగ అసలు సంగతి. అనంతమ్మ అని ఒకామె. సీతాఫలాలు అమ్ముతది.

దసరా పోయినంక ఒక పొద్దున నేను గేటు కాడ నిలబడ్డ. నెత్తి మీద గంపతోని ఒకామె మా వాడ ఎక్కి వస్తున్నది. అరవై దాటి ఉంటది. పండ్ల మీద పచ్చి ఆకులు కప్పింది, ఆ ఆకుల నీడ నొసటి మీద ఊగుతున్నది. గంపకు చెయ్యి గూడ పట్టలే. రెండు చేతులు ఇడిసి, మెడ ఒక్కటే నిలబెట్టి నడుస్తున్నది. నాకు ప్రాణం ఆగలే.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం ఆగుతవా? జర నిన్ను దించుకుంట," అన్న.

ఆమె వచ్చి నా ముందట నిలబడి, "పట్టు మరి," అన్నది.

"ఏంది పట్టుడు?"

"గంప. దించుత అంటివి గద."

"గంప కాదు పెద్దమ్మా. నిన్ను. బొమ్మ దించుత."

"నన్ను దించెటందుకు నేనేమన్న చెట్టెక్కి కూసున్ననా?"

గోడ అవతల నుంచి మా ఇంటామె నవ్వు వినిపించింది. "అనంతమ్మా, ఆ టీచరమ్మ మనుషులను చూసి బొమ్మ గీస్తది. మొన్న ఇస్త్రీ మొగులయ్యను గీస్తే వాని పెండ్లమే గుర్తుపట్టలే."

"గుర్తుపట్టింది. మీసం తక్కువేసిన అని నాతోని కొట్లాడింది," అన్న నేను.

అప్పటికే ఆలస్యమైంది. అనంతమ్మ మెడ వంచింది, నా చేతులు గంపకు పోయినయి. దించినంక కొనకుండ పంపే రివాజు మన దిక్కు ఎట్ల లేదో ఇక్కడ గూడ లేదు. ఆ మాట అన్నందుకు గంపల సగం పండ్లు నా గదికి వచ్చినయి. ఆ వారమంత కాలేజీ స్టాఫ్‌రూంల అందరం సీతాఫలాలే తిన్నం.

అప్పటి సంది పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆమె గేటు కాడ ఆగేది. నెత్తి మీద బరువు పెట్టుకొని నిలబడమంటే పాపం గద, అందుకని రెండు మాటలు మాట్లాడేటంతసేపు పెన్సిలుతోని గీసుకునేదాన్ని, మిగతాది గదిల కూసుని నీళ్ల రంగులతోని వేసేదాన్ని. ఆకులను తడి మీదనే ఇడిసిపెట్టిన, పచ్చరంగు దానంతట అదే పాకి నొసటి నీడల కలిసింది. మెడ మీద పడే ఎండకు రంగు వెయ్యలే, కాగితం తెలుపునే వదిలిన. మంచి బొమ్మ అక్కా. నేను నా పని గురించి ఇట్ల చెప్పుడు నువ్వు ఎన్నడన్న విన్నవా? ఇప్పుడు చెప్తున్న, మంచి బొమ్మ.

హైదరాబాద్ల ఒక చిన్న చిత్రశాల నడిపే ఆయన ఉన్నడు. పని చేసుకునే మనుషుల బొమ్మలు అన్నీ కలిపి పెడదామని ముందటి నుంచే అడుగుతున్నడు. దీని ఫోటో పంపిస్తే వెంటనే ఫోన్ చేసి, "మేడం, పిలుపు కార్డు మీద ఇదే వేస్తం," అన్నడు. నాకు ఆ రోజు కాలేజీల కాళ్లు భూమి మీద లేవు.

ఆ సంతోషంలనే బొమ్మను అనంతమ్మకు చూపించిన. ఇంటామె గూడ వచ్చి, "అచ్చం నువ్వే ఉన్నవు," అన్నది. అనంతమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని కాగితం పట్టుకున్నది.

"నన్నయితే దించినవు బిడ్డా. గంపనే దించకపోతివి."

నేను మాటకు మాట అన్నదనుకొని నవ్విన. ఆమె నవ్వలే.

"నేను రోజంత మోస్త, మాపటికి ఇంటికి పోయి దించుకుంట. దీంట్ల ఎప్పుడు దించుకోవాలె?" అన్నది. "రేపు నేను లేకుంటే మా మనుమడు గిదే చూస్తడు. మా అవ్వ ఇంకా మోస్తనే ఉన్నదనుకుంటడు."

"మరి ఎట్ల వెయ్యమంటవు?" అని అడిగిన.

"కుర్చీల కూసుంట. మంచి చీర కట్టుకుంట. గట్ల వెయ్యి."

ఆ ఆదివారం ఆమె వచ్చింది. ముదురాకుపచ్చ చీర, పసుపు అంచు. నూనె పెట్టి దువ్విన తల. ఇంటామె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తే, "దాని మీద దుప్పటన్న కప్పు, ప్లాస్టికని కనపడొద్దు," అన్నది. కూసుని, రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టి, సీదా నా మొఖంలకు చూసింది.

"జర నవ్వరాదు పెద్దమ్మా."

"నవ్వితే పండ్లు లేవని తెలుస్తది."

"పండ్లమ్మేదానికే పండ్లు లేకపాయెనా," అన్నది ఇంటామె.

అనంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, మళ్ల కొంగు తీసి బిర్రుగ కూసున్నది. నేను వేసిన. మొదట నాకు దాంట్ల ప్రాణం కనపడలే. స్టూడియోల దిగిన ఫోటో లెక్కున్నది అనుకున్న. సగం అయినంక చూస్తే, గంప లేకపోయినా మెడ అట్లనే నిలబడి ఉన్నది, దాని మీద ఏ బరువూ లేదు. అది ఆమె మెడ. బరువు నిలబెట్టిన మెడ అని నేను అన్ని రోజులు అనుకున్న గని, బరువుతోని పని లేకుండనే అది అట్ల ఉంటదని అప్పుడు చూసిన.

ఆరినంక చేతుల పెట్టిన. "గిది నేను," అన్నది. అంతే. ఖాళీ గంపల ఆకులు పరిచి, వాటి మీద బొమ్మ వంగకుండ పెట్టుకొని, నెత్తి మీద పెట్టుకొని పోయింది.

పోయే ముందు నేను మొదటి బొమ్మ సంగతి అడిగిన. హైదరాబాద్ల పెడ్తమంటున్నరు, నలుగురు చూస్తరు, నీకు ఇష్టమేనా అని.

"అది నీది. పెట్టుకో. నా పేరు మాత్రం రాయకు."

"పేరు రాయకుంటే ఎవరో అనుకుంటరు గద పెద్దమ్మా."

"అనుకోని. గంపను చూసేటోళ్లు పేరెందుకు అడుగుతరు?"

కుర్చీ బొమ్మకు ఆమె పోకముందే ఫోన్ల ఫోటో తీసి పెట్టుకున్న. దాన్ని హైదరాబాద్ ఆయనకు పంపి, కావాలంటే ఇట్లాంటిదే ఇంకోటి వేసిస్త, ఇది పెట్టుండ్రి అన్న. ఆయన, "ఇందుల పని ఏది మేడం? ఎవరింట్లనో గోడకున్న పెద్దమనిషి లెక్కున్నది," అన్నడు. "ఆమె గోడ కోసమే వేసిన," అన్న. కార్డు మీద గంప బొమ్మ వెయ్యొద్దని గూడ చెప్పిన. మొగులయ్య బొమ్మ వేసుకొమ్మన్న. ఆయనకు మంచిగ అనిపియ్యలే, అయినా ఒప్పుకున్నడు. ఈ రెండు విషయాలల్ల నాకు అనుమానం లేదు అక్కా. అనంతమ్మ బొమ్మ కార్డు మీద రాదు, పేరు బొమ్మ కింద రాదు. ఈ ఉత్తరంల రాసిన గని, నువ్వు ఎవరికీ చెప్పవు.

ఒక చిన్న పని. బావ పాత ధోవతులు మెత్తగైనవి ఉంటే రెండు పంపు, కుంచెలు తుడుచుకుందానికి దుకాణంల గుడ్డ పనికిరాదు. అటక మీద నా మందం కాగితాల కట్ట ఉన్నది, ఎలుకలు పట్టకుండ ఒకసారి చూడు. నిమ్మకాయ తొక్కు పంపుత అన్నవు, వద్దని నేను అనలేదని గుర్తు చేస్తున్న. మీ అత్తమ్మకు దండాలు చెప్పు. బావకు నమస్కారం. చిన్నిని సెల్లు పక్కకు పెట్టి నాకొక ముక్క రాయమను. ఈసారి వచ్చినప్పుడు నీ కాళ్లు మొక్కుత, ఇప్పటికి ఇక్కడి నుంచే మొక్కినట్టు అనుకొని దీవించు.

శుక్రవారం బొమ్మలు తీస్కపోను బండి వస్తది. మిగతావన్నీ కట్టి పెట్టిన. గంప బొమ్మ ఒక్కటే బల్ల మీద ఉన్నది. పంపితే, ఆ హాల్ల నిలబడి చూసేటోళ్లకు ఆమె ఒక గంప మాత్రమే. పేరు గూడ లేని గంప. పంపకుంటే, నా చెయ్యి సాహసం చేసి వేసిన ఒక్క బొమ్మ పెట్టెల పడి ఉంటది, ఆ ఎండను, ఆ మెడను ఎవ్వరూ చూడరు. ఆమె పెట్టుకో అన్నది నిజమే. అది ఇష్టపడి అన్నదా, తనది కాని వస్తువును ఇడిసిపెట్టినట్టు అన్నదా, నాకు తెలియదు. మళ్ల అడిగితే మళ్ల పెట్టుకో అనే అంటది. రెండు దిక్కులా ఆలోచించిన. పంపాల్నా వద్దా నాకింకా తేలుతలేదు అక్కా.

నీ చెల్లె,
పద్మ