‘ఆవిడ కోపం’ ఫోల్డరు

ప్రియమైన అత్తయ్యా,

మీరూ మావయ్యగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నేను మాత్రం లేను. ఫోన్లోనే చెప్పొచ్చు కానీ, చెబుతుంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే నా గొంతు పై అంతస్తు దాకా వినపడుతుంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఆదివారం బట్టలు సర్దుకుని మీ దగ్గరికి వస్తున్నాను. కొన్నాళ్ళు అక్కడే ఉంటాను. అలిగినదాన్ని పుట్టింటికి పోవాలి గానీ అత్తగారింటికి రావడమేమిటని మీకు అనిపించొచ్చు. మా అమ్మ నన్ను గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది. తన కంటి ఆపరేషన్‌కి ముందు మీ అబ్బాయి పంపిన లింకులన్నీ చదివిన దగ్గర్నుంచి ఆవిడకి అల్లుడి మాటంటే వేదం.

మీ అబ్బాయి సంగతి మీకు తెలియనిది కాదు. పగలంతా కళ్ళద్దాల దుకాణంలో ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసి, ఇంటికి రాగానే ఫోను పట్టుకుని లింకులు ఏరుకుంటారు. ఇంటర్నెట్‌లో కంటబడినదల్లా దాచుకోవడానికి ఆయనకి ఏదో యాప్ దొరికింది. అందులో ఫోల్డర్లు చేయొచ్చట, వాటికి రంగులు వేయొచ్చట, ఒక్కో లింకు కింద మనకి తోచింది రాసుకోవచ్చట, నచ్చినవాళ్ళతో పంచుకోవచ్చట, వాళ్ళూ అందులో లింకులు చేర్చొచ్చట. వంటింట్లో కుళాయి కారుతోందని చెప్పాను. వారం తిరిగేసరికి ‘కుళాయిలు’ అని నీలం రంగు ఫోల్డరు తయారైంది. అందులో వాషర్లు, మరలు, నీటి పొదుపు మీద ఎవరిదో ఉపన్యాసం. కుళాయి మాత్రం కారుతూనే ఉంది. చివరికి నేనే విప్పి వాషరు మార్చాను. ఆయన వచ్చి చూసి, ఏ లింకు చూసి చేశావని అడిగారు.

అక్కడితో ఆగినా బాగుండేది. భవనంలో అందరికీ పనికొస్తుందని లిఫ్టు బాగుచేసేవాళ్ళవీ, కరెంటు బిల్లు కట్టేవీ, పిల్లల డాక్టర్లవీ లింకులన్నీ ఒకచోట చేర్చి ఇంటింటికీ పంచారు. గొప్పకి మీక్కూడా పంపారు కదా. అప్పట్నుంచి ఆయన ఇక్కడ ‘లింకుల మాస్టారు’. నాకూ లోపల కాస్త గర్వంగానే ఉండేది, ఒట్టు.

ఈమధ్య జనం నాతో వింతగా ఉండటం మొదలుపెట్టారు. నేను లిఫ్టు ఎక్కితే మగవాళ్ళు మూలకి సర్దుకుంటున్నారు. కింది వాటాలో దర్జీ భార్య నా చేయి పట్టుకుని, లోపల పెట్టుకోవద్దమ్మా, చెప్పుకుంటే తగ్గుతుందని ఓదార్చింది. ఏది తగ్గాలో నాకు అర్థం కాలేదు. నా దగ్గర ఈత నేర్చుకునే పాప వాళ్ళమ్మ అయితే కొలను గట్టు మీద నిలబడి, కోపానికి చన్నీళ్ళు మంచివట, మీరు ఎలాగూ నీళ్ళలోనే ఉంటారు కదండీ అంది. ఆఖరికి మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ జాలిపడి తన ఫోను నా చేతిలో పెట్టింది.

లిఫ్టు ఫోల్డరుకీ కరెంటు ఫోల్డరుకీ మధ్య ఎర్రగా ఇంకొకటి. పేరు ‘ఆవిడ కోపం’. భార్య కోపం చల్లార్చే పద్ధతులని మొదటి లింకు. దాని కింద మీ అబ్బాయి రాత: ‘ఆవిడ దగ్గర ఇది సాగదు. మెల్లగా మాట్లాడితే ఇంకా మండిపడుతుంది.’ ఆపైన చూడబుద్ధి కాలేదు. ఫోను ఇచ్చేసి మెట్లు దిగి వచ్చేశాను.

నా గొంతు పెద్దదే, కాదనను. నీళ్ళలో మునిగి తేలే పిల్లలకి వినపడేలా రోజంతా అరిచిన గొంతు ఇంటికొచ్చి ఎలా చిన్నదవుతుంది? దాన్ని కోపమని భవనమంతా పంచుకోవడమా? ఆయన్ని ఇంకా అడగలేదు. అడిగితే గట్టిగా అడగాలి. గట్టిగా అడిగితే ఆ ఫోల్డరుకి సాక్ష్యం నేనే ఇచ్చినట్టవుతుంది. మీకొక్కరికే చెబుతున్నాను. మీరైనా నా పక్షాన ఉండండి.

మీ కోడలు

*

అత్తయ్యా,

నేను ఆదివారం రావడం లేదు. ఎందుకో నిదానంగా కూర్చుని చదవండి. పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి.

నిన్న నేను సూట్‌కేసు సర్దుతుంటే మీ అబ్బాయి వచ్చారు. ఎక్కడికని అడిగారు. ఆయన ఫోనే తీసుకుని ఆ ఎర్ర ఫోల్డరు తెరిచి ఆయన ముందు పెట్టాను. ముఖం పాలిపోయింది. అది ఆయన ఒక్కరికే కనపడాలట. పొరపాటున భవనం వాళ్ళ ఫోల్డర్లలో పడిందట. ఇన్నాళ్ళూ అందరూ చదువుతున్నారన్న సంగతే ఆయనకి తెలియదు.

“ఇది నీ గురించి కాదు,” అన్నారు.

“మరి ఎవరి గురించి? ఈ ఇంట్లో ఇంకో ఆవిడ ఉందా?”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. “అమ్మ గురించి,” అన్నారు.

అవునత్తయ్యా, మీ గురించే. మీకు చెప్పొద్దని బతిమాలారు. కానీ నేను చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ తర్వాత ఫోల్డరు మొత్తం చదివాను. ఎవరు ఏ లింకు పెట్టారో పక్కన గుండ్రటి బొమ్మ కనిపిస్తుంది. సగానికి పైగా లింకుల పక్కన ఉన్నది మీరు ఫోన్లో పెట్టుకున్న మీ లాండ్రీ దుకాణం బోర్డు బొమ్మ. ఒకదాని కింద మీరే రాశారు: ‘నాన్నా, ఇది చదివి ఓర్చుకో. పిల్ల మంచిదే, గొంతే పెద్దది.’ మీ అబ్బాయి మీ కోపానికని ఫోల్డరు తెరిస్తే, అది నా కోపానికనుకుని మీరు నింపుతూ వచ్చారన్నమాట. అది పొరపాటున మీ ఒక్కరికే చేరిందనుకుని ఆయన కాదని చెప్పలేక, తీసేయలేక నోరు మూసుకున్నారు. మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. నేను నవ్వితే ఎలా ఉంటుందో తెలుసుగా, పళ్ళ డాక్టరమ్మ కంగారుపడి కిందికి వచ్చింది.

నవ్వాగాక ఆయన మిగతాది చెప్పారు. మావయ్యగారు మిమ్మల్ని అడగకుండా మీ పాత ఇస్త్రీ మిషను అమ్మేసి ఆవిరి మిషను తెచ్చారట. అప్పట్నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవట. ‘ఆ చొక్కా అయిందేమో ఆయన్ని అడగండి’ అని దుకాణానికి వచ్చినవాళ్ళతో అంటారట. వాళ్ళు పాపం బట్టలకోసం వచ్చి కబుర్లు మోస్తున్నారట. ఇదంతా మీ అబ్బాయి ఒక పూట మీ దుకాణంలో బల్ల మీద కూర్చుని చూసి వచ్చారు. నాతోనూ అనలేదు. ఆయనకి తెలిసిన ఉపాయం ఒక్కటే కదా, వచ్చి ఫోల్డరు తెరిచారు. భార్య కోపం మీద ఆ మొదటి లింకు మావయ్యగారికి పంపుదామని ఏరిందట.

అందులో ఆయన మొన్న రాత్రే పెట్టిన చివరి లింకు, వయసు మళ్ళిన అమ్మానాన్నలు మాట్లాడుకోకపోతే పిల్లలేం చేయాలి అన్నది. మిగతావాటి కింద పేరాలు పేరాలు రాసిన మనిషి దీని కింద ‘ఇందులోనూ జవాబు లేదు’ అని మాత్రం రాశారు. అది చదివాక సూట్‌కేసులో బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను.

నాకోసం మీరు ఏరిన లింకులు మీకే తిప్పి పంపుతున్నాను. ఓర్చుకుని చదవండి. ఇంత బాధ పడుతూ నాతో ఒక్క ముక్క అనలేదేం అత్తయ్యా? నేను అరుస్తాననా?

మీ కోడలు

*

అమ్మాయీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. ఏది ముందో చూసుకోకుండా రెండోది ముందు విప్పాను. దుకాణంలో జనం ఉన్నారు. గొంతు పెద్దదని నేను రాసింది చదివి ముందు సిగ్గుపడ్డాను, తర్వాత ఆపుకోలేక నవ్వాను. కౌంటర్ ముందు నిలబడ్డావిడ తన చీర మీద ఏదైనా మరక పడిందేమోనని వెతుక్కుంది.

“ఏమిటే ఆ నవ్వు?” అన్నారు మీ మావయ్యగారు.

మధ్యలో ఎవరూ లేరు, నన్నే అడిగారు. నవ్వుతూనే ఉత్తరం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. “వీడు మన సంగతి ఊరంతా చాటాడా?” అన్నారు. చాటాడన్నాను. ఇక చూసుకో, ఆ పూటంతా మీ ఆయన్ని తిట్టుకుంటూ ఇద్దరం కబుర్లే కబుర్లు. అంతసేపు మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు పాత యంత్రాలు అమ్మే చోటు ఏదో ఫోన్లో వెతికి, నా మిషనులాంటిదే మరొకటి చూపించారు. “కొనమంటావా? నువ్వు ఊఁ అంటేనే,” అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను.

నీతో ఎందుకు అనలేదంటావా? కోడలి దగ్గర పెద్దరికం పోతుందనుకున్నాను. ఆ పెద్దరికం కాస్తా మీ లిఫ్టు ఫోల్డరు పక్కన ఎప్పుడో పడిపోయిందట, ఇంకేం దాచను? వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. వాడి చెవి మెలిపెట్టే పని నాది, పక్కన నిలబడి అరిచే పని నీది.

ఇంకొక్క మాట. ఆ ఆవిరి మిషను బాగానే ఉంది. భుజం నొప్పి తగ్గింది. ఆయన మాత్రం రోజూ దుకాణం తెరవగానే “ఆలోచించావా?” అని అడుగుతున్నారు. ఇంకొన్నాళ్ళు అడగనీ.

మీ అత్తయ్య