మిగిలిన వాషరు

ధర్మవరం,
అక్టోబరు, 1962

బావకు,

అక్క, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఈ కవరులో దారం కట్టి పెట్టిన రాగి వాషరు ఉంది, జాగ్రత్తగా తీసుకో.

నూనె మిల్లులో చేరి మూడేళ్లయింది. పొద్దున ఇంజను ఆడించడం, సాయంత్రం ఆపడం, మధ్యలో తుడవడం, అంతే నా పని. చెడిపోతే అనంతపురం నుంచి మెకానిక్కు వస్తాడు, నేను స్పానరు పెట్టకూడదు. హిందూపురంలో నీ షెడ్డులో నేర్చుకున్నదంతా నా చేతులు మరిచిపోతున్నాయని భయం పట్టుకుంది. అందుకే ఆయుధపూజకు శుభ్రం చేస్తున్నానని చెప్పి ఇంజను విప్పాను. తిరిగి బిగించి, స్పానర్లు పూజలో పెట్టి, కుంకుమ అద్దాక చూస్తే ఈ వాషరు కింద పడి ఉంది. పూజలో పెట్టినవాటిని మరునాటి దాకా తాకకూడదు కదా. దశమి నాడు తెల్లారకముందే షావుకారు వచ్చి, మంచి ఘడియ దాటకముందే ఇంజను ఆడించమన్నాడు.

ఇంజను ఆడుతోంది బావా, చప్పుడులో తేడా కూడా లేదు. అందుకే ఇంకా భయంగా ఉంది. మిల్లులో గింజలు పోసే తిమ్మప్పకు చెబితే, "నూనె వస్తాండాది కదప్పా, ఇంగేం కావల్ల నీకు?" అన్నాడు. నేను మాత్రం అన్నం తింటూ కూడా ఆ చప్పుడే వింటున్నాను. ఈ మూడేళ్లలో ఎప్పుడూ ఇలా వినలేదు.

ఇది ఏ చోటిదో వెంటనే రాయి. మళ్లీ విప్పమంటే విప్పుతాను, ఉద్యోగం పోయినా సరే. అది లేకపోయినా ఫరవాలేదని మాత్రం రాయొద్దు.

నీ బావమరిది